రాత్రి ఎనిమిదిన్నర మీటింగు ఏడున్నరకే ఎందుకు వచ్చింది? సాఫ్ట్‌వేర్‌లో సమయం చిక్కుముడి

ఏటా మార్చి రెండో వారం రాగానే అమెరికా బృందాలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో సాయంత్రాలు తారుమారవుతాయి. అప్పటిదాకా రాత్రి ఎనిమిదిన్నరకు ఉన్న మీటింగు ఏడున్నరకే వచ్చి పడుతుంది. మన గడియారాన్ని ఎవరూ తిప్పలేదు, మీటింగు వేళను ఎవరూ మార్చలేదు. నవంబరులో అదే మీటింగు మళ్లీ ఎనిమిదిన్నరకు వెళ్లిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసులో అంతుపట్టని ఫిర్యాదులు మొదలవుతాయి. అర్ధరాత్రి నడవాల్సిన ప్రోగ్రాం నడవలేదని ఒకరు, రెండుసార్లు నడిచిందని మరొకరు అంటారు. రిపోర్టులో ఒక రోజు లెక్క కుదరడం లేదని ఇంకొకరు వస్తారు.

ఇంట్లో వచ్చిన ఇబ్బందికీ కోడ్‌లో దొర్లిన తప్పుకీ మూలం ఒకటే. వేర్వేరుగా ఉంచాల్సిన మూడు సంగతులను మనం ఒకే ఖాతాలో వేసేస్తున్నాం. వాటిని విడదీసి చూస్తే అయోమయం చాలావరకు తొలగుతుంది. ఆ తర్వాత కూడా మిగిలే చిక్కు ప్రభుత్వాల చేతుల్లో ఉంటుంది. దాన్ని ఏ ప్రోగ్రామరూ పూర్తిగా పరిష్కరించలేడు.

## మార్చిలో అసలు జరిగేది

అమెరికాలో చాలా రాష్ట్రాలు వేసవికి ముందు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి, చలికాలానికి ముందు వెనక్కి తిప్పుతాయి. దీన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. 2005లో వచ్చిన ఇంధన విధాన చట్టం వల్ల 2007 నుంచి అది మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తోంది. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. హవాయి, అరిజోనాలోని అధిక భాగం ఈ పద్ధతిని పాటించవు.

తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ డల్లాస్‌ను లెక్కకు తీసుకుందాం. ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయాన్ని యూటీసీ అంటారు. భారత సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. డల్లాస్ చలికాలంలో దానికి ఆరు గంటలు, వేసవిలో ఐదు గంటలు వెనక. అంటే మనకూ డల్లాస్‌కూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. అక్కడ ఉదయం 9 గంటలకు పెట్టిన మీటింగు మనకు చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 అయితే మనకు 10:30 లేదా 9:30. న్యూయార్క్‌లో అయితే 7:30 లేదా 6:30.

ఐరోపా చేరితే లెక్క ఇంకా జటిలమవుతుంది. అక్కడ కూడా గడియారాలు తిప్పుతారు కానీ మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. 2026లో మార్చి 8 నుంచి 29 దాకా మూడు వారాలు అమెరికా తిప్పేసి ఉంటుంది, బ్రిటన్ తిప్పి ఉండదు. డల్లాస్‌లో ఉదయం తొమ్మిదికి జరిగే మీటింగు లండన్ వాళ్లకు మామూలుగా మధ్యాహ్నం మూడింటికి. ఆ మూడు వారాలు మాత్రం రెండింటికి. అక్టోబరు 25 నుంచి నవంబరు 1 దాకా మరో వారం ఇదే పరిస్థితి. మూడు దేశాల్లో మనుషులున్న బృందంలో మీటింగుకు ఒకరు గంట ముందు, ఒకరు గంట ఆలస్యంగా చేరే ఉదయాలు ఈ సందుల్లోనే వస్తాయి.

## క్షణం, గడియారపు వేళ, నియమం

కంప్యూటర్ దృష్టిలో మొదటి సంగతి క్షణం. అది ప్రపంచమంతటికీ ఒకటే. హైదరాబాద్‌లో ఒకరు డబ్బు పంపిన బటన్ నొక్కిన ఆ క్షణమే డల్లాస్‌లోనూ జరిగింది, టోక్యోలోనూ జరిగింది. దీన్ని రాయడానికి ఎక్కువగా వాడే పద్ధతి, 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టడం. దీన్నే యూనిక్స్ టైమ్ అంటారు.

రెండోది గడియారపు వేళ. "మార్చి 19, ఉదయం 6 గంటలు" అన్నప్పుడు ఎక్కడి ఆరు గంటలో చెప్పకపోతే అది ఏ క్షణమో తెలియదు. మూడోది నియమం. ఒక ప్రాంతంలో ఏ తేదీ నుంచి గడియారం యూటీసీకి ఎంత ముందో, ఎంత వెనకో చెప్పే చరిత్ర అంతా అందులో ఉంటుంది. టైమ్ జోన్ అంటే అసలు అర్థం ఇదే. క్షణాన్ని వేళగా, వేళను క్షణంగా మార్చాలంటే ఈ నియమం తప్పదు.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. తిథి మొదలయ్యే క్షణం భూమి అంతటా ఒకటే. కానీ పండుగ ఏ రోజన్నది ఆ ఊరి సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. అందుకే అమెరికాలో ఉన్నవాళ్లు విజయవాడలో అచ్చయిన పంచాంగాన్ని యథాతథంగా వాడరు, తమ ఊరికి లెక్కగట్టినది చూసుకుంటారు. అక్కడ క్షణం ఆకాశానిది, రోజు ఊరిది.

ప్రోగ్రామర్లు రోజూ వాడే గిట్‌లో క్షణాన్నీ వేళనూ పక్కపక్కనే చూడవచ్చు. కోడ్‌లో చేసిన మార్పును భద్రపరిచిన ప్రతిసారీ గిట్ సెకన్ల సంఖ్యనూ, ఆ కంప్యూటర్ అప్పుడు యూటీసీకి ఎంత తేడాలో ఉందో ఆ అంకెనూ కలిపి రాస్తుంది. "1700000000 +0530" అని ఉందనుకుందాం. ఆ క్షణం యూటీసీలో 2023 నవంబరు 14, రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు. హైదరాబాద్‌లో అప్పటికే తేదీ మారింది, నవంబరు 15 తెల్లవారుజామున 3:43. డల్లాస్‌లో 14 సాయంత్రం 4:13. క్షణం ఒకటి, తేదీలు రెండు. పక్కనున్న +0530 వల్ల మాత్రమే ఆ మనిషి వేకువన మేలుకుని పనిచేశాడన్న సంగతి తెలుస్తోంది. సెకన్ల సంఖ్య ఒక్కటే ఉంటే ఆ సమాచారం పోయేది. దేనిని దాచుకోవాలన్న వాదానికి బీజం ఇక్కడే ఉంది. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

## డేటాబేస్‌లో కనిపించే 18:30

భారతదేశంలో పనిచేసే డెవలపర్లకు బాగా పరిచయమున్న అంకె ఒకటుంది: 18:30. తేదీ మాత్రమే ఉండాల్సిన చోట, కావాల్సిన దానికన్నా ఒక రోజు ముందు తేదీతో, పక్కన 18:30 కనిపిస్తే ఏం జరిగిందో అనుభవమున్నవాళ్లు వెంటనే పోల్చుకుంటారు.

ఒకామె పుట్టిన తేదీ 1988 ఆగస్టు 15. ఫారంలో ఆ తేదీ ఎంచుకుంది. వెబ్‌పేజీలు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో తేదీ అనే వస్తువు నిజానికి తేదీ కాదు, ఒక క్షణం. కాబట్టి బ్రౌజరు ఆమె ఎంచుకున్నదాన్ని "ఆగస్టు 15, హైదరాబాద్ అర్ధరాత్రి" అనే క్షణంగా మార్చింది. సర్వరుకు పంపేటప్పుడు అది యూటీసీలోకి మారింది. అర్ధరాత్రి నుంచి ఐదున్నర గంటలు వెనక్కి పోతే ముందు రోజు సాయంత్రం 18:30. డేటాబేస్‌లోకి వెళ్లింది ఆగస్టు 14. సర్వరు వేళను తీసేసి తేదీ మాత్రమే ఉంచుకుంటే, ఆమె ఒక రోజు ముందే పుట్టినట్టు లెక్క.

దీనికి తిరగబడ్డ రూపం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మనకు కనపడదు. "1988-08-15" అని అంకెల్లో రాసిన తేదీని జావాస్క్రిప్ట్‌కు ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్ కంప్యూటర్లో అది ఆగస్టు 15 ఉదయం 5:30గా మారి, తెర మీద సరైన తేదీయే కనిపిస్తుంది. డల్లాస్ కంప్యూటర్లో అదే క్షణం ఆగస్టు 14 సాయంత్రం 7 గంటలు. ఇక్కడి డెవలపరు ఎన్నిసార్లు పరీక్షించినా తప్పు దొరకదు, అక్కడి వాడుకరి మొదటిసారి తెరవగానే దొరుకుతుంది. ఇలాంటి వాటి మీద "నా దగ్గర సరిగ్గానే వస్తోంది" అని జవాబిచ్చినవాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. వాళ్ల దగ్గర నిజంగానే సరిగ్గా వస్తోంది.

పుట్టిన తేదీ క్షణమూ కాదు, వేళా కాదు. అది ఒట్టి తేదీ. దానికి టైమ్ జోన్ అంటగట్టడమే తప్పు. దాన్ని తేదీగానే దాచే ఏర్పాటు దాదాపు అన్ని డేటాబేస్‌లలో ఉంది. జావా అనే మరో భాషలో 2014లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి ఒట్టి తేదీకి, ఒట్టి వేళకు, క్షణానికి, జోన్‌తో కూడిన వేళకు వేర్వేరు రకాలు ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో అలాంటి విభజన కోసం టెంపోరల్ అనే కొత్త ఏర్పాటును రూపొందించడానికి ఏళ్లు పట్టింది. 2025లో ఫైర్‌ఫాక్స్ దాన్ని అందించింది.

రెండో ఉదాహరణలో డబ్బు ఉంది. ఒక అంగడి ఆన్‌లైన్ అమ్మకాలను రోజువారీగా కూడుతున్నారు. క్షణాలన్నీ యూటీసీలో ఉన్నాయి, కూడేటప్పుడు యూటీసీ తేదీ ప్రకారమే విడగొట్టారు. ఏప్రిల్ 1 రాత్రి రెండు గంటలకు వచ్చిన ఆర్డరు యూటీసీలో మార్చి 31, రాత్రి 8:30. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అంటే ఆ ఆర్డరు నెల మారింది, సంవత్సరమే మారింది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా వచ్చిన ప్రతి ఆర్డరుదీ ఇదే కథ. దాచిన సమాచారంలో తప్పేమీ లేదు. "రోజు" అని కూడినప్పుడు ఎవరి రోజో అడగకపోవడమే లోపం. అకౌంట్స్ విభాగంలో ఉన్నవారికి ఈ తేడా కనిపిస్తే ముందు అనుమానించేది మనిషిని, టైమ్ జోన్‌ను కాదు. అందుకే ఇది చిన్న విషయమని నాకు అనిపించదు.

## తేడా వేరు, టైమ్ జోన్ వేరు

+5:30 అనేది ఒక తేడా, అంతే. టైమ్ జోన్ అంటే ఆ తేడా ఏ రోజున ఎంత ఉండేదో, ఉందో చెప్పే పట్టిక. మన దగ్గర దశాబ్దాలుగా తేడా మారలేదు కాబట్టి రెండూ ఒకటేనన్న భ్రమ మనకు సులువుగా కలుగుతుంది. డల్లాస్‌లో పుట్టి పెరిగిన ప్రోగ్రామరుకు ఏటా రెండుసార్లు ఆ భ్రమ పటాపంచలవుతుంది.

ఈ పట్టికలన్నీ ఒక్క చోట ఉన్నాయి. టీజెడ్ డేటాబేస్ అని పిలిచే ఆ సంకలనాన్ని 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు. తర్వాత పాల్ ఎగర్ట్ దాని నిర్వహణ చూస్తూ వచ్చారు. 2011 నుంచి ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసే ఐయానా సంస్థ నీడలో ఉంది. లినక్స్, ఆండ్రాయిడ్, ఆపిల్ కంప్యూటర్లు, జావా, పైథాన్ అన్నీ దీని మీదే ఆధారపడతాయి. విండోస్‌కు సొంత పట్టిక ఉంది. ఏదో ఒక దేశం నియమం మార్చినప్పుడల్లా కొత్త సంచిక వస్తుంది. అందుకే ఏడాదిలో కొన్నిసార్లు ఇది మారుతుంది. మన ఫోన్లలో వచ్చే అప్‌డేట్లలో ఇదీ నిశ్శబ్దంగా చేరుతూ ఉంటుంది.

అందులో మన జోన్ పేరు "ఏషియా/కోల్‌కతా". ఒక నియమం పాటించే ప్రాంతానికి సాధారణంగా అక్కడి పెద్ద నగరం పేరు పెట్టడం వాళ్ల పద్ధతి, కాబట్టి జాబితాలో హైదరాబాద్ వెతికితే దొరకదు. పాత అక్షరక్రమంలో కలకత్తా అని చూపే ప్రోగ్రాములు ఇప్పటికీ తగులుతాయి. దానికి బదులు ఐఎస్‌టీ అనే మూడక్షరాలు వాడదామంటే, ఇజ్రాయెల్ సమయానికీ ఐర్లండ్ సమయానికీ పొట్టి పేరు అదే.

మన జోన్ పట్టికను విప్పి చూస్తే ఒక చిన్న చరిత్ర బయటపడుతుంది. 1906కు ముందు వరుసలో మద్రాసు సమయం ఉంది. అది యూటీసీకి 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. 1906 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడ్డ ఐదున్నర గంటలు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ పేరు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ రేఖ దక్షిణానికి వచ్చి మన కాకినాడకు దగ్గరగా సముద్రంలో దిగుతుంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆరున్నర గంటలు, 1945 అక్టోబరులో మళ్లీ ఐదున్నర. అంటే మనమూ గడియారాన్ని గంట ముందుకు తిప్పినవాళ్లమే.

ఇదంతా గతం అని కొట్టిపారేయలేం. ఈశాన్య రాష్ట్రాల్లో చాలా ముందుగా తెల్లవారుతుంది. అస్సాం తేయాకు తోటల్లో గంట ముందు నడిచే తోట సమయం ఎప్పటి నుంచో అలవాటులో ఉంది. దేశానికి అధికారిక సమయాన్ని చూసే జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో ఈశాన్యానికి ఆరున్నర గంటల రెండో జోన్ సాధ్యమేనని ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. రైళ్ల రాకపోకల భద్రత, దేశమంతటికీ ఒకే సమయం ఉండటంలోని సౌలభ్యం అటువైపు వాదనలు. ఎప్పుడైనా ఒప్పుకుంటే కోడ్‌లో "+5:30" అని నేరుగా రాసిపెట్టిన చోట్లన్నీ గువాహటి వాడుకరులకు తప్పు వేళ చూపుతాయి.

## అన్నీ యూటీసీలోనే దాచాలా?

డెవలపర్లలో ఎడతెగని వాదాల్లో ఇదొకటి. ఒక పక్షం సూత్రం సరళంగా ఉంటుంది: దాచేటప్పుడు యూటీసీ, చూపేటప్పుడు వాడుకరి వేళ. ఈ సూత్రం వెనక గట్టి కారణాలున్నాయి. మూడు దేశాల్లో ఉన్న సర్వర్ల లాగ్‌లను, అంటే ఏది ఎప్పుడు జరిగిందో అవి రాసుకునే చిట్టాలను, ఒక వరుసలో పేర్చాలంటే అన్నీ ఒకే కొలబద్ద మీద ఉండాలి. రెండు ఘటనల మధ్య ఎంత సమయం గడిచిందో కనుక్కోవాలంటే గంటలు ఎగిరిపోని గడియారం కావాలి. జరిగిపోయిన ప్రతిదానికీ ఈ పక్షం మాట నిలుస్తుంది. జరిగినది క్షణం కాబట్టి దాన్ని క్షణంగానే దాచాలి.

రెండో పక్షం అడిగేది జరగబోయే వాటి గురించి. లెబనాన్‌లో 2023 మార్చిలో జరిగినది ఇక్కడ కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ నెల చివరి వారాంతంలో గడియారాలు గంట ముందుకు జరగాలి. రెండు మూడు రోజుల ముందు ప్రభుత్వం రంజాన్ మాసం కారణంగా ఏప్రిల్ దాకా వాయిదా వేస్తున్నట్టు ప్రకటించింది. చర్చి, కొన్ని ప్రసార సంస్థలు ఒప్పుకోక పాత తేదీకే గడియారాలు తిప్పాయి. కొద్ది రోజులు ఒకే దేశంలో రెండు వేళలు నడిచాయి. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆ నెలాఖరుకే మార్పు అమలు చేసింది.

ఇప్పుడు బీరూట్‌లో ఒక మనిషి ఆ జనవరిలోనే మార్చి 27 ఉదయం 10 గంటలకు డాక్టరు దగ్గర వేళ తీసుకున్నాడనుకుందాం. అప్పటి నియమం ప్రకారం ఆ రోజుకు తేడా మూడు గంటలు. సాఫ్ట్‌వేర్ దాన్ని యూటీసీ 7 గంటలుగా మార్చి దాచింది. ప్రభుత్వం వాయిదా వేశాక ఆ రోజు తేడా రెండు గంటలే. యూటీసీ 7 గంటలను తిరిగి చూపిస్తే ఉదయం 9. డాక్టరు పదింటికే వస్తాడు, రోగి తొమ్మిదికి వచ్చి కూర్చుంటాడు. వాళ్లిద్దరూ ఒప్పుకున్నది ఒక క్షణాన్ని కాదు, బీరూట్ గడియారంలో పది గంటలను. ఆ మాటను దాచకుండా దాన్ని అనువదించి దాచడం వల్ల అసలు మాట పోయింది. అందుకని భవిష్యత్తు వేళలను ఊరి గడియారం ప్రకారం, జోన్ పేరుతో సహా దాచాలని ఈ పక్షం అంటుంది.

దానికి మొదటి పక్షం జవాబు కూడా వినదగ్గదే. జోన్ పేరుతో దాచితే "వచ్చే గంటలో ఎవరెవరికి గుర్తుచేయాలి" అన్న చిన్న ప్రశ్నకు కూడా వేల వరుసలను ఒక్కొక్కటిగా లెక్కగట్టాలి. అందుకే పెద్ద వ్యవస్థల్లో రెండూ దాచడం పరిపాటి. ఊరి వేళ, జోన్ అసలు పత్రంగా ఉంటాయి. యూటీసీ వెతుకులాట కోసం పక్కన పెట్టుకున్న నకలు. పట్టిక మారినప్పుడు నకలును మళ్లీ లెక్కగడతారు. ఖర్చు ఉంది, కానీ చెప్పిన మాట చెరిగిపోదు. జరిగినదానికి యూటీసీ, జరగబోయేదానికి ఊరి వేళ అన్న విభజనే నాకు సబబుగా తోస్తుంది. అయితే కొద్ది గంటల్లో నడవాల్సిన పనులకు, ఒకే దేశంలో వాడే చిన్న అప్లికేషన్లకు మొదటి పక్షం సూత్రంతో నష్టమేమీ రాదు.

ఇక్కడ పనిముట్లు కూడా మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో "టైమ్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్" అనే రకం ఉంది. పేరు చూసి అది జోన్‌ను దాస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి వచ్చిన వేళను యూటీసీగా మార్చి, జోన్‌ను వదిలేస్తుంది. క్షణాలు దాచడానికి అది చక్కని రకం. బీరూట్ డాక్టరు వేళకు మాత్రం జోన్ పేరు కోసం వేరే కాలమ్ పెట్టుకోవాల్సిందే. వేళ పక్కనే జోన్ పేరును రాసే ప్రామాణిక పద్ధతి ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేరింది కూడా 2024లోనే.

## లేని రెండున్నర, రెండుసార్లు వచ్చే ఒకటిన్నర

2026 మార్చి 8న డల్లాస్‌లో రాత్రి 1:59 తర్వాత 3:00 అవుతుంది. 2:30 అనే వేళ ఆ రోజు లేనే లేదు. ప్రతి రాత్రీ రెండున్నరకు బ్యాకప్ తీయమని ఒక షెడ్యూలరుకు, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాంకు, చెప్పి ఉంటే అది ఏం చేయాలి? కొన్ని ఆ రోజుకు వదిలేస్తాయి. కొన్ని మూడు కాగానే నడుపుతాయి. యూనిక్స్ కుటుంబపు కంప్యూటర్లలో ఎప్పటి నుంచో ఉన్న క్రాన్ అనే షెడ్యూలరులోనే దీనికి వేర్వేరు రకాలు వేర్వేరు జవాబులిస్తాయి. నవంబరు 1న దీనికి వ్యతిరేకం. రెండు కాబోతుండగా గడియారం మళ్లీ ఒంటిగంటకు వెళ్తుంది కాబట్టి 1:30 రెండుసార్లు వస్తుంది. బ్యాకప్ రెండుసార్లు తీస్తే నష్టం లేదు. వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రాం రెండుసార్లు నడిస్తే ఉంది. ఆ మార్పు క్షణం మార్చిలో మనకు ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర, నవంబరులో పన్నెండున్నర. అమెరికా సర్వర్లను ఇక్కడి నుంచి కాపలా కాసే బృందాల్లో వంతు పడినవారికి ఆ రెండు ఆదివారాల భోజనం ఫోను పక్కన పెట్టుకునే సాగుతుంది.

## మీటింగు ఎవరి గడియారానికి కట్టి ఉంది?

మళ్లీ ఇంట్లోకి వద్దాం. వారం వారం జరిగే మీటింగును క్యాలెండరులో పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ దానికి ఒక జోన్‌ను అంటిస్తుంది. సాధారణంగా అది ఆహ్వానం పంపిన మనిషి జోన్. డల్లాస్ మేనేజరు ఉదయం 9కి పెడితే అది అక్కడి గడియారానికి కట్టి ఉంటుంది, మార్చిలో జరిగేది మనం. అదే మీటింగును హైదరాబాద్ మనిషి రాత్రి 8:30కి పెడితే అది మన గడియారానికి కట్టి ఉంటుంది. మార్చి 8 తర్వాత డల్లాస్ వాళ్లకు అది 9 నుంచి 10కి మారుతుంది. చలికాలంలో ఆహ్వానాలు రెండూ ఒకే వేళను చూపిస్తాయి, అందుకే ఎవరిది ఎవరికి కట్టి ఉందో అప్పుడు ఎవరూ గమనించరు.

ఆ ఒక్క గంటలో ఏముందని అడగవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో మార్చి పదో తరగతి పరీక్షల కాలం. రాత్రి ఏడున్నర అంటే పిల్లల పక్కన కూర్చుని చదివించే వేళ, లేదా మాదాపూర్ నుంచి ఇల్లు చేరే దారిలో ట్రాఫిక్‌లో ఉన్న వేళ. ఎనిమిదిన్నరకు మీటింగు ఉన్నప్పుడు భోజనం చేసి కూర్చున్నవాళ్లు ఇప్పుడు భోజనాన్ని మీటింగు తర్వాతకు జరపాలి, లేదా ఇంట్లో అందరితో కాక ఒక్కరే తినాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బృందంతో పనిచేసేవారికి మార్పు మేలు చేస్తుంది, పదిన్నర మీటింగు తొమ్మిదిన్నరకు వస్తుంది. అదే నవంబరులో వాళ్ల నిద్ర గంట తగ్గుతుంది. ఉద్యోగులతో పాటు తల్లిదండ్రులకూ ఇది తెలుసు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఆదివారం ఉదయం ఎనిమిదికి చేసే ఫోను గుంటూరులో వేసవంతా సాయంత్రం ఆరున్నరకు మోగి, నవంబరు నుంచి ఏడున్నరకు మోగుతుంది.

ఎవరి గడియారానికి కట్టాలన్న దానిలో న్యాయమైన వాదనలు రెండు వైపులా ఉన్నాయి. పని అప్పగించిన సంస్థ, వాడుకరులు, నిర్ణయాలు తీసుకునేవాళ్లు అమెరికాలో ఉంటే అక్కడి పని గంటలకు కట్టడం సహజమని ఒక వాదం. అక్కడి ఉద్యోగికి కూడా తొమ్మిదికి ముందు పిల్లల్ని బడికి దింపే పని ఉంటుంది. మరో వాదం, అటు ఉదయమూ ఇటు రాత్రీ అయినప్పుడు రాత్రివైపు వాళ్లే ఎప్పుడూ సర్దుకుంటే అది సౌలభ్యం కాదు, భారం ఒకే చోట పేరుకుపోవడం అంటుంది. కొన్ని బృందాలు వంతులవారీగా ఒక నెల అక్కడి ఉదయం, ఒక నెల ఇక్కడి ఉదయం పెట్టుకుంటాయి. దానివల్ల న్యాయం పెరుగుతుంది కానీ ఎవరికీ స్థిరమైన దినచర్య ఉండదు, చిన్న పిల్లలున్న ఇళ్లకు అదీ కష్టమే. ఇంకొన్ని మీటింగులనే తగ్గించి రోజువారీ సంగతులు రాసి పెట్టుకుంటాయి. స్పష్టంగా తేలిన పనికి అది బాగా సరిపోతుంది. ఇంకా తేలని సమస్యను రాతలో తేల్చాలంటే ఒక్కో ప్రశ్నకు ఒక్కో రోజు పడుతుంది, ఎందుకంటే అడిగినవాళ్లు నిద్రపోయాకే జవాబు వస్తుంది. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా పరవాలేదు, ఎవరూ ఎంచుకోకుండా ఆహ్వానం మొదట నొక్కిన చేయి ఎంచడం మాత్రం సరికాదని నా అభిప్రాయం.

## ఈ గంట మార్పు ఎప్పటికైనా ఆగుతుందా?

ఆపాలని కోరేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏ వేళ దగ్గర ఆపాలన్న దాని మీదే ఒప్పందం లేదు. సాయంత్రం వెలుతురు ఎక్కువ ఉంటే వ్యాపారం, ఆటలు సాగుతాయని కొందరు వేసవి వేళనే శాశ్వతం చేయమంటారు. అమెరికా సెనేట్ 2022 మార్చిలో ఆ బిల్లును ఆమోదించింది, ప్రతినిధుల సభ దాన్ని చేపట్టలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ దీనికి విరుద్ధంగా చలికాలపు వేళే శరీరానికి మంచిదంటుంది. ఉదయపు వెలుతురే నిద్రను క్రమంలో ఉంచుతుందన్నది వారి వాదన. వేసవి వేళను ఏడాది పొడవునా ఉంచే ప్రయోగం అక్కడ 1974 జనవరిలో ఒకసారి జరిగింది. పిల్లలు చీకట్లో బడికి వెళ్లాల్సి రావడంతో జనం వ్యతిరేకించారు, ఆ ఏడాదే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఐరోపా పార్లమెంటు 2019లో మార్పును ఆపాలని ఓటు వేసింది, సభ్యదేశాల మధ్య అంగీకారం కుదరలేదు. మెక్సికో మాత్రం 2022లో దేశంలోని అధిక భాగంలో దీన్ని ఆపేసింది.

అమెరికా ఆపితే, వేసవి వేళ దగ్గర ఆగితే డల్లాస్ మీటింగు మనకు ఏడాదంతా ఏడున్నరకే. చలికాలపు వేళ దగ్గర ఆగితే ఎనిమిదిన్నరకే. జోన్ పేరుతో దాచిన కోడ్‌కు కొత్త పట్టిక వస్తే చాలు. తేడాను అంకెగా రాసి పెట్టిన కోడ్‌లో మాత్రం ప్రతి చోటా వెతికి మార్చాలి. ఆపేసిన తర్వాత కూడా పాత నియమాలు చెరిపేయడానికి ఉండదు. 2026 మార్చి 8 నాటి ఒక లావాదేవీ డల్లాస్ గడియారంలో ఎన్నింటికి జరిగిందో పదేళ్ల తర్వాత ఆడిటరు అడిగితే, జవాబు ఆ రోజు అమలులో ఉన్న నియమం ప్రకారమే చెప్పాలి. అందుకే మన జోన్ పట్టికలో 1945 నాటి వరుస ఇంకా ఉంది.